గడప బయట వినాల్సిన పాట

మా ఆయన పోయిన నెలలోపలే ఆయన ఫోనుకు ఒక కాల్ వచ్చింది. తీశాను.

"సారు బాగుండాడా అమ్మా?" అంది అవతలి గొంతు.

ఆ గొంతు నాకు కొత్త కాదు. అంతకుముందు కొన్ని నెలలుగా ప్రతి అమావాస్యకూ ఆ మనిషి ఫోన్ చేసి అదే మాట అడిగేవాడు. ఆయన నవ్వి, "బాగానే ఉన్నాను మునిరత్నం, నువ్వు నిశ్చింతగా ఉండు" అనేవారు. ఈసారి నేను, సారు లేరు, పోయారు అని చెప్పాను. అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

మా ఆయన బాపట్లలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకు పాటలు పట్టుకున్నాయి. సినిమా పాటలు కావు, సభల్లో జరిగే కచేరీలూ కావు. వెనక ఏ కంపెనీ లేకుండా, కొనేవాళ్ళు ఉంటారన్న ఆశ లేకుండా, తమకు తోచింది తామే కట్టుకుని పాడుకునే వాళ్ళ పాటలు. అరచేతిలో ఇమిడే రికార్డర్ ఒకటి కొన్నారు. ఊళ్ళు తిరిగి రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఒక పేజీలో పెట్టేవారు. వినేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలోనూ సగం మంది పాడినవాళ్ళ చుట్టాలేనని ఆయనే చెప్పేవారు.

ఆయన చివరి ప్రయాణం తిరుపతి, చిత్తూరు వైపు. మూడు రికార్డింగులు తెచ్చారు: తిరుపతిలో కుర్రకారు బ్యాండు ఒకటి, శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి పాట ఒకటి, చిత్తూరు దగ్గరి పల్లెలో చావులకు పాడే మునిరత్నం పాట ఒకటి. వాటిని పేజీలో పెట్టకుండానే పోయారు. ఏడాది తిరిగేలోగా మూడూ పెట్టేద్దామంది మా అమ్మాయి. పాడినవాళ్ళను అడగకుండా పెట్టడం ఆయన పద్ధతి కాదు. అందుకని బయలుదేరాను.

మూడో పాట సంగతి ముందే చెప్పాలి. చావుపాటలో పోయిన మనిషి పేరు వస్తుంది. ఆయన వెళ్ళిన రోజు ఊళ్ళో చావు లేదు, కాబట్టి పేరూ లేదు. పేరు చోట ఖాళీ వదిలి పాడితే వినడానికి బాగుండదని, "నా పేరు పెట్టు" అన్నారట. మునిరత్నం కుదరదన్నాడు. ఈయన పట్టుబట్టి పాడించుకున్నారు. ఇంటికి వచ్చి అన్నం తింటూ ఇదంతా తమాషాగా చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన గుండెపోటుతో పోయారు. రెండు రక్తనాళాలు ఎప్పటినుంచో మూసుకుని ఉన్నాయని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. నేను పుస్తకాలు చదివిన మనిషిని. పేరు పెట్టి పాడినంత మాత్రాన ఎవరూ పోరని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రికార్డింగ్ వినలేకపోయాను, చెరిపేయలేకపోయాను. రికార్డర్‌ను తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాను. ఆ సంచిని రైల్లో పైన పెట్టడానికి భయం వేసి దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆయన లేకుండా నేను చేసిన మొదటి ప్రయాణం ఇది.

పరుపుల గోడౌను

తిరుపతిలో దిగిన మనిషిని ఎవరైనా అడిగేది దర్శనం అయిందా అనే. ఆటో అతను అడిగాడు, లాడ్జిలో అడిగారు, ఇడ్లీ పెట్టినామె అడిగింది. మా ఇంట్లో చావు జరిగితే ఏడాదిదాకా కొండ ఎక్కం. ఆ మాట అందరికీ చెప్పడం ఇష్టం లేక "ఇంకా లేదు" అంటూ వచ్చాను. ఊరంతా పైకి చూస్తుంటుంది. నేను కింద, గుండ్లు చేయించుకుని కొత్తగా నవ్వుకుంటున్న కుటుంబాల మధ్య, తల వంచుకుని నడిచాను. ఇడ్లీలోకి ఇక్కడ పల్చటి సాంబారు గ్లాసుతో కూడా ఇస్తారు. మా వైపు కారప్పొడి లేని ఇడ్లీ ఎవరూ ముట్టరు. ఇక్కడ అడిగితే వింతగా చూశారు.

బ్యాండు కుర్రవాళ్ళు సాధన చేసేది ఒక పరుపుల దుకాణం వెనక గోడౌనులో. గిటారు వాయించే హరీష్ మేనమామది ఆ దుకాణం. చుట్టూ నిలబెట్టిన పరుపులే గోడలు. ఎంత మోత మోగినా వీధిలోకి పోదు. ముగ్గురు వాళ్ళు. డ్రమ్స్ వాయించేది లావణ్య అనే అమ్మాయి. ఇంట్లో కంప్యూటర్ కోర్సుకని చెప్పి వస్తుంది.

"అయిపోతే సర్టిఫికెట్ యాడని అడుగుతారు ఆంటీ. అందుకే ఆ కోర్సు అయిపోదు" అంది.

నాకోసం ఒక పాట వాయించారు. నీళ్ళ ట్యాంకరు మీద పాట. తెల్లారకముందే ట్యాంకరు రావడం, వీధిలో ఆడవాళ్ళు బిందెలతో ఉరకడం, వంతు కోసం కొట్టుకోవడం. హరీష్ దాన్ని పాడడు, గొంతు చించుకుని అరుస్తాడు. పక్కింట్లో ఏదో ఘోరం జరుగుతుంటే వినిపించినట్టు ఉంది ఆ అరుపు. లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ మధ్యలో ఒకచోట వాయిద్యాలన్నీ ఆగి, ఖాళీ బిందెను లావణ్య వేళ్ళతో తట్టే చప్పుడు ఒక్కటే వస్తుంది. ఆ ఒక్క చప్పుడు మీద పాటంతా నిలబడింది. ఆయన ఇంతదూరం ఎందుకు వచ్చారో కొంచెం అర్థమైంది.

పాట అయ్యాక హరీష్, "సార్ మాకు పంపించిన కాపీ వినండి" అంటూ వెనక్కి తిరిగి మీట నొక్కాడు. వద్దనడానికి నాకు సమయం దొరకలేదు.

"తిరుపతి. పరుపుల గోడౌను. ఫ్యాను ఆపించాను, ఉక్కగా ఉంది. ఊఁ, కానివ్వండి."

ఆయన గొంతు. మనిషంత ఎత్తున్న స్పీకర్లలోంచి, నాలుగు వైపుల నుంచీ. ఇంట్లో ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. నా వెనకే నిలబడి మాట్లాడినట్టయి వెనక్కి తిరిగాను. ప్లాస్టిక్ కవర్లు విప్పని పరుపులు వరుసగా ఉన్నాయి. వాటి మీదే కూలబడ్డాను.

లావణ్య పరుగున వెళ్ళి ఆపేసింది. "బుద్ధుండాదా రా నీకు?" అని హరీష్ వీపు మీద కొట్టింది. ఆ అబ్బాయి ముఖం తెల్లబోయింది. సార్ గొంతు వింటే మీకు బాగుంటుందనుకున్నానని మెల్లగా అన్నాడు. మంచినీళ్ళు తెచ్చారు. ఏమీ కాదని చెప్పి తాగాను.

పాట పెట్టుకోమన్నారు. ఒకటే షరతు: బ్యాండు పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. ఏం పేరని అడిగితే ముగ్గురూ మూడు చెప్పి పోట్లాడుకున్నారు. చివరికి "ఎండుమిరప" దగ్గర ఆగారు. మళ్ళీ మారితే ఫోన్ చేస్తామన్నారు.

లాడ్జికి వచ్చాక తువ్వాలు విప్పి చూశాను. రికార్డర్ ఆపేసే ఉంది. అది తెలిసే చూశాను.

తడలో హాస్టలు

శ్రీ సిటీలో పనిచేసే ఆడపిల్లలు చాలామంది తడ అనే ఊళ్ళోనూ చుట్టుపక్కలా హాస్టళ్ళలో ఉంటారు. భవాని ఊరు సత్యవేడు అవతల. ఫోన్ల భాగాలు పరీక్షించే పని. ఆమెది ర్యాప్. పాడటానికీ మాట్లాడటానికీ మధ్య, కాళ్ళకు చెప్పులు వేసుకుంటూ తిట్టినట్టు ఉంటుంది. పాటంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర సోదా, బ్యాగు తెరువు, ట్యాగు చూపించు, టిఫిన్ డబ్బా మూత తియ్యి. మాటలు సగం తెలుగు, సగం తమిళం. వాళ్ళ గదిలో నలుగురు. మిగతావాళ్ళు డ్యూటీకి పోయినప్పుడు దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో రికార్డు చేసుకుంటుంది. హాస్టల్లోకి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి ఆయన ఆమె పాటను పులికాట్ సరస్సు ఒడ్డున నిలబెట్టి రికార్డు చేశారు.

"ఒడ్డున గాలి గాలి. సారు నాకు గొడుగు పట్టినాడు, మైకుకంట. నాకు గాదు" అని నవ్వింది భవాని.

పోయారని ఆమెకు ఫోన్లోనే చెప్పాను. అయినా నా ముఖం చూసి హాస్టల్ మెస్సు నుంచి పెరుగన్నం పట్టుకొచ్చింది. నిమ్మకాయ ఊరగాయ పక్కన అప్పడం బదులు వేయించిన సగ్గుబియ్యం వడియాలు. మజ్జిగ మిరపకాయ అడిగితే నాలుగు పెట్టింది.

పాట పెట్టుకోమంది. కానీ తన పేరు వద్దంది. "లైన్ లీడర్‌కి నా గొంతు తెలుసు మేడం. పేరు లేకపోతే నేను గాదని సాధిస్తా. పేరుంటే యాడని సాధించేది?" అంది. ఆ ఉద్యోగం మీద ఇంట్లో చెల్లెలి చదువు ఉంది. ఆమె పేరు ఇక్కడ కూడా మార్చి రాశాను.

సాయంత్రం అందరూ డాబా మీదికి పోతుంటే నన్నూ తీసుకుపోయింది. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగురుతుందట. వాళ్ళకు అలవాటే. ఒక అమ్మాయి బట్టలు తీసుకుంటోంది, ఇంకొకామె ఫోన్లో పోట్లాడుతోంది. తూర్పున నారింజ రంగు వెలుతురు లేచి మబ్బులోకి దూరింది. చప్పుడు లేదు. వెలుతురు ముందు, చప్పుడు తర్వాత అని ఆయన ఎన్ని క్లాసులకు చెప్పి ఉంటారో. నేను చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. అది రాదేమో అనుకునేంతలో వచ్చింది. చెవుల్లోకి కాదు, ఛాతీలోకి. కింద కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఏదైనా జరిగిపోయిన తర్వాత ఇంతసేపటికి కూడా వచ్చి మీద పడగలదా అనిపించి భవాని చెయ్యి పట్టుకున్నాను.

"ఏం ల్యా మేడం. వాళ్ళ డ్యూటీ వాళ్ళది" అంది. రెండో చేత్తో ఫోన్ ఎత్తి ఆ చప్పుడు రికార్డు చేసుకుంటోంది. తర్వాతి పాటకు వాడుకుంటుందట.

రేపు ఎక్కడికని అడిగింది. మునిరత్నం సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"సావుపాట పాడేటోళ్ళ ఇంటికా? ఒక్కరే?"

వాళ్ళ ఊళ్ళో చావుపాట వీధిలోకి వస్తుందంటే ఇళ్ళల్లో నిద్రపోతున్న వాళ్ళను లేపుతారట. పసిపిల్లలను కూడా. పడుకున్న మనిషి చెవిలో ఆ పాట పడకూడదు. ఇంట్లో కూర్చుని ఆ పాట కూనిరాగం తీసినా తల్లి చెయ్యి చేసుకుంటుందట. చావు లేనప్పుడు పేరు పెట్టి పాడటం గురించి అడిగాను. అట్ల ఎవరూ పాడరని, అడిగేవాళ్ళు కూడా ఉండరని చెప్పింది.

సరిహద్దు దాటిన బస్సు

మర్నాడు సత్యవేడు మీదుగా పుత్తూరు బస్సెక్కి కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి బోర్డులన్నీ తమిళంలో ఉన్నాయి. ఒక్క అక్షరం తెలియదు. తప్పు బస్సెక్కాననుకున్నాను. దిగడానికి లేచాను. పక్కన పూలబుట్టతో కూర్చున్న పెద్దావిడ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. "యాడికి పోతావు? రోడ్డు కొంచెం దూరం వాళ్ళది, మళ్ళా మనదే" అంది. ఆమె చెప్పినట్టే కాసేపటికి తెలుగు బోర్డులు వచ్చాయి. మా వైపు జిల్లా దాటితేనే పరాయి ఊరు అంటాం. ఇక్కడివాళ్ళు పూలమ్ముకోవడానికి రోజూ రాష్ట్రం దాటి వెనక్కి వస్తారు. ఆమె దిగేటప్పుడు ఒక మూర మల్లెపూలు నా చేతిలో పెట్టబోయి, నా నుదురు చూసి ఆగింది. తర్వాత పెట్టే పోయింది. "సంచిలో ఏసుకో, వాసనన్నా ఉంటాది" అంది.

వాటిని తువ్వాలు మడతలో పెట్టాను.

చిత్తూరు

చిత్తూరులో దిగి మళ్ళీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తని మనిషి ఇంటికి పిలవకుండా పోవడం ఏమిటని లాడ్జి మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. తిరిగి వెళ్ళిపోతే మా అమ్మాయి ఏమీ అనదు. కానీ ఆ రికార్డర్ నా ఇంట్లోనే ఉంటుంది.

మునిరత్నం పేరు చెప్పగానే ఆటో అతనికి తెలిసింది. "పాటకైతే పోవద్దమ్మా. పాడేది నిలిపేసినాడు" అన్నాడు. ఇప్పుడు టమాటా మండీలో ట్రేలు మోస్తున్నాడట. కారణం ఎవరికీ చెప్పలేదు. సొంత పెద్దమ్మ పోయినప్పుడు కూడా పలక చేతపట్టలేదట. పలక అంటే ఇక్కడి చావు మేళంలో వాయించే, చేత్తో ఎత్తి పట్టుకునే డప్పు. ఊళ్ళో వాళ్ళు కోపగించి పక్క ఊరి మేళాన్ని పిలిపించుకున్నారట.

దారి పొడుగునా మామిడి తోటలు. నేను దేనినీ సరిగా చూడలేదు. ఆ మనిషి పాట మానేయడానికి కారణం నాకు తెలుసు. ఆ కారణం నా ఒళ్ళో ఉంది.

మునిరత్నం ఇంట్లో లేడు. భార్య కుప్పమ్మ వసారాలో కూర్చుని చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, ఒలుస్తోంది. ఎవరని అడిగింది. బాపట్ల అనగానే చేతిలో కాయ కింద పడింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు, చాప తెచ్చింది. తర్వాత సంకటి ముద్ద, ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేయించిన చెనిగింజలతో నూరిన పచ్చడి. చావు జరిగిన ఇంటి మనిషికి మా వైపు ఏడాదిలోపు ఇతరులు తమంతట తాము భోజనం పెట్టరు, అడిగితేనే పెడతారు. ఈమె అడగకుండానే పెట్టింది. నేను ఒక్కదాన్నే వచ్చానా, వెనక ఎవరైనా ఉన్నారా అని మాత్రం వీధి రెండువైపులా చూసింది.

మునిరత్నం సాయంత్రం వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. నన్ను చూసి వీధిలోనే ఆగిపోయాడు. నేను లేచి నిలబడ్డాను. పది నెలలుగా నేను భయపడుతున్న మనిషి ఇతనే. ఇతని చేతిలో సైకిల్ ఊగుతోంది. వణికేవి ఇతని చేతులు.

"నన్ను ఏం అడగొద్దమ్మా. నేను వొద్దనే అన్నాను" అన్నాడు.

ఆయనకు గుండెజబ్బు ఉందని, ఎప్పటినుంచో ఉందని, డాక్టరు బొమ్మ గీసి చూపించాడని చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు.

"డాక్టర్లు గుండె గురించి సెప్తారమ్మా. పేరు గురించి వాళ్ళకేం తెలుసు?"

అదే మాట నేను వేరే మాటల్లో ఎన్నోసార్లు అనుకున్నాను.

"అది ఇంకా ఉండాదా?" అన్నాడు. ఉందన్నాను. సంచి వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "తుడిసెయ్ అమ్మా. నీకు దండం పెడతా. అది ఉన్నన్నాళ్ళు నా గొంతు లెయ్యదు."

అడిగింది న్యాయమే అనిపించింది. ఆ గొంతు అతని కూడు. తువ్వాలు విప్పాను. మల్లెపూలు వాడి రికార్డర్‌కు అంటుకుని ఉన్నాయి. చెరిపే మీట మీద వేలు పెట్టాను. అందులో ఆయన ఏం మాట్లాడారో నాకు తెలియదు. వినకుండానే పోతుంది. వేలు నొక్కలేదు, తీయనూ లేదు.

"తుడిస్తే ఆ మనిషి యాడికి పోతాడు?" అంది కుప్పమ్మ.

ఆమె చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు పాట పూర్తి కాలేదు. చావుపాటకు చివర పొలిమేర చరణం ఒకటి ఉంటుంది. శవం ఊరి హద్దు దగ్గరికి వచ్చినప్పుడు పాడేది. ఇక వెనక్కి చూడొద్దు, పో అని చెప్పేది. బతికున్న మనిషికి ఎదురుగా నిలబడి ఆ చరణం పాడలేక మునిరత్నం అక్కడ ఆపేశాడు. మిగతాది పాడలేదు కాబట్టి ఏమీ కాదులే అని తనకు తాను చెప్పుకుని, ఆ ధైర్యం చాలక ప్రతి అమావాస్యకూ ఫోన్ చేశాడు.

"నడిమిట్లో నిలబెట్టినావు. ఇప్పుడు నిలబెట్టిన దారే ల్యాకుండా చేస్తావా? పాడి పంపించు" అంది కుప్పమ్మ మొగుడితో. "పది నెలలుగా నిద్ర పోడమ్మా. నన్నూ పోనీడు."

మునిరత్నం అరుగు మీద కూర్చున్నాడు. పాడితే తానే పంపించినట్టు ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. తర్వాత ఇంకో మాట చెప్పాడు. చావుపాటలో పేరు పాడేవాడు తనంతట పెట్టుకోడు. పోయిన మనిషి రక్తసంబంధం గానీ, పెళ్ళాం గానీ బయటికి వచ్చి, అందరూ వినేలా పేరు చెప్పాలి. అప్పుడే అది ఆ ఇంటి చావు. అప్పుడు పాడేవాడి మీద ఏమీ ఉండదు.

"సారు ఆయన పేరు ఆయనే సెప్పినాడు. అట్ల యాడన్నా ఉండాదా? అది నా మీద నిలిసిపోయింది. మీరు సెప్తే..." అని ఆగాడు.

నేను ఆయన పేరు ఎప్పుడూ నోటితో అనలేదు. మా అమ్మ అనలేదు, మా అత్తగారు అనలేదు. కాలేజీ దాకా చదువుకుని కూడా నేనూ అనలేదు. ఆసుపత్రిలో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దీనికి నన్ను ఎన్ని రకాలుగా ఏడిపించేవారో. ఆ మాట వాళ్ళకు చెప్పాను.

కుప్పమ్మ మొదటిసారి నవ్వింది. "నేను మాత్రం అంటానా? రేషన్ కార్డు సూపిస్తా, సదువుకోండని" అంది.

పొద్దున చూద్దామన్నాడు మునిరత్నం. నేను లాడ్జికి వచ్చాను. మా ఆయన పేరు ఒంటరిగా ఒకసారి అని చూసుకుందామనుకున్నాను. అది బయట చెప్పాల్సిన పేరు, నేను గదిలో ఉన్నానని గుర్తొచ్చి మానేశాను.

ఊరి చివర

ఎండ ఇంకా ఎక్కలేదు. ఊరు దాటే చోట మట్టిబాట రెండుగా చీలుతుంది, ఒకటి మామిడి తోటలకు, ఒకటి వల్లకాటికి. మునిరత్నం ఎండు కొబ్బరాకు మంటేసి పలకను కాచాడు. ఇన్ని నెలలు ముట్టకపోవడంతో తోలు వదులైపోయింది. కాచి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ కాచాడు. తోటకు పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ చప్పుడుకు ఆగి, ఎవరు పోయారని కుప్పమ్మను అడిగారు. ఆమె నా వైపు చూపించింది. వాళ్ళు పనిముట్లు కింద పెట్టి నిలబడ్డారు.

ఎక్కడ ఆపాడో వినాలన్నాడు మునిరత్నం. అలా నేను ఆ రికార్డింగ్ మొదటిసారి విన్నాను, బయట, నలుగురి మధ్య.

ఆయన గొంతులో ఊరి పేరు, గాలి లేదు అన్న మాట. తర్వాత ఆయన నవ్వు. "పెట్టవయ్యా నా పేరు. నాకేం కాదు." పలక మొదలైంది. నేను భయపడినంత భయంకరంగా లేదు ఆ పాట. తల్లిపాలు తాగిన సంగతి, బడికి పోయిన సంగతి, కట్టుకున్నదానితో అలిగిన సంగతి, మనిషి బతుకులో ఉండేవే వరుసగా వచ్చాయి. ప్రతి దాని చివరా ఆయన పేరు, చివర 'అప్పా' చేర్చి. ఎవరో పెరట్లోంచి అన్నానికి పిలిచినట్టు ఉంది. అంతలో గొంతు ఆగింది. పలక ఆగింది. కోడి కూత ఒకటి దూరంగా. అప్పుడు ఆయన గొంతు, నవ్వు లేకుండా, "ఏమైంది మునిరత్నం?"

అంతే. రికార్డింగ్ అయిపోయింది.

మునిరత్నం పలక ఎత్తి పట్టుకుని నా నోటి వైపు చూశాడు. రికార్డర్‌లో ఎర్రదీపం వెలిగించాను. ఆయన మొదట ఊరి పేరు చెప్పేవారు. ఊరి పేరు చెప్పాను. గాలి కొంచెం ఉందన్నాను. ఆ తర్వాత ఆగిపోయాను. పేరు అంటే మనిషి నిజంగా పోయినట్టే. ఇన్ని నెలలుగా నేను దాచుకున్న భయం అదేనని ఆ మట్టిబాట మీద తెలిసింది. మునిరత్నం చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. నేను చెప్పకపోతే అవి ఎప్పటికీ అలాగే ఉంటాయి.

"సీతారామయ్య" అన్నాను.

"గట్టిగా అమ్మా" అన్నాడు మునిరత్నం, బతిమాలుతూ.

"సీతారామయ్య. మా ఆయన."

అతను కళ్ళు మూసుకున్నాడు. పలక మోగింది. సీతారామప్పా, అని గొంతెత్తాడు. గొంతు మొదట పగిలింది, తర్వాత నిలబడింది. పొలిమేర చరణం చిన్నది. నీ చెప్పులు ఇక్కడే ఉన్నాయి, నీ కళ్ళద్దాలు ఇక్కడే ఉన్నాయి, వాటి కోసం వెనక్కి రావద్దు, పో అని. అద్దాలు అసలు పాటలో లేవట. సారు పెట్టుకునేవాడని అప్పుడు కలిపానని తర్వాత చెప్పాడు.

మూడు పాటలూ ఇప్పుడు పేజీలో ఉన్నాయి. ఎండుమిరప పేరు పెద్ద అక్షరాలతో ఉంది, ఇంతవరకు మారలేదు. శ్రీ సిటీ అమ్మాయి పాట కింద పేరు లేదు. మునిరత్నం పాటలో రెండు రోజుల గొంతులున్నాయి. మధ్యలో "ఏమైంది మునిరత్నం" అన్న మాట అలాగే ఉంచాం. పెట్టుకోమన్నప్పుడు అతను ఒకటే కోరాడు, అది పాట పైన రాయమన్నాడు, రాశాను. ఇక్కడా రాస్తున్నాను.

ఈ పాటను ఇంట్లో వినకండి. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే లేపండి. గడప దాటి బయటికి వెళ్ళి వినండి. నేను ఇలాంటివి నమ్మను. అయినా విన్న ప్రతిసారీ చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్తున్నాను.